ఆమ్లంలో మారే వెలుగు: క్వినైన్ నుంచి కార్బన్ డాట్స్ దాకా

పీహెచ్ కొలవడానికి కార్బన్ డాట్స్ (కాంతి తగిలితే వెలిగే అతి సూక్ష్మ కార్బన్ నలుసులు) పనికొస్తాయని చెప్పే పరిశోధన పత్రాలకు కొదవ లేదు. చిక్కల్లా ఒకటే. ఒక ల్యాబ్ డాట్స్ ఆమ్లంలో మసకబారితే, ఇంకో ల్యాబ్‌వి క్షారంలో మసకబారతాయి. కొన్నిటికైతే రంగే మారిపోతుంది. ఈ గందరగోళానికి కారణం కావాలంటే డాట్స్ పుట్టకముందు నుంచీ చూడాలి.

మలేరియా మందు క్వినైన్ ద్రావణం ఎండలో నీలంగా మెరవడాన్ని 1845లో జాన్ హెర్షెల్ వర్ణించాడు. కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని అది నీలి కాంతిని వదులుతోందని 1852లో జార్జ్ స్టోక్స్ తేల్చాడు. పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ బాగా వెలుగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే మాత్రం మందగిస్తుంది. రెండూ ఆమ్లాలే కదా! తేడా క్లోరైడ్ అయాన్‌ది. అది ఉత్తేజిత అణువును తాకి, వెలుగుగా రావాల్సిన శక్తిని దారి మళ్లిస్తుంది. పీహెచ్ మీటర్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతి ఇప్పటికీ మరచిపోతుంటారు.

1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసీన్ అనే రంగుది ఎదురు స్వభావం. దాని వెలుగంతా క్షారంలోనే. రెండు రుణావేశాలున్న రూపం పీల్చుకున్న ప్రతి 100 ఫోటాన్లలో (కాంతి కణాల్లో) 90కి పైగా తిరిగి వదులుతుంది. పీహెచ్ సుమారు 6.4 దగ్గర సగం అణువులు ఒక ప్రోటాన్ తగిలించుకుని మసకబారతాయి. ఇందుకే జీవకణాల్లో ఆమ్లత కొలవడానికి ఇది అక్కరకొచ్చింది. 1978లో ఒకుమా, పూల్ దీన్నే డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుకు అతికించి, కణంలో వ్యర్థాలను జీర్ణం చేసే సంచులైన లైసోజోముల పీహెచ్ 4.7–4.8 అని కొలిచారు.

అంతకుముందే, 1950 ప్రాంతంలో థియోడోర్ ఫోర్‌స్టర్ ఇంకో మెలిక విప్పాడు. కాంతి తగిలి ఉత్తేజితమైన అణువు ఆమ్లబలం మామూలప్పటిలా ఉండదు. 2-నాఫ్తాల్ అనే అణువు పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్) మామూలుగా 9.5. ఉత్తేజిత స్థితిలో 3 దాకా పడిపోతుంది. అంటే ప్రోటాన్‌తో కాంతిని పీల్చుకున్న అణువు, ప్రోటాన్ వదిలేశాక వెలగవచ్చు. శోషణ వర్ణపటం (పీల్చుకున్న కాంతి) ఒకటి చెబితే ఉద్గార వర్ణపటం (వదిలిన కాంతి) మరొకటి చెప్పడం ఇందువల్లే.

వీటన్నిటిలో ఒక సౌకర్యం ఉంది: ప్రోటాన్ ఏ పరమాణువు మీద కూర్చుంటుందో మనకు తెలుసు. కార్బన్ డాట్స్‌తో ఆ సౌకర్యం పోయింది. 2004లో కార్బన్ నానోట్యూబుల మసిని శుద్ధి చేస్తుంటే వెలిగే నలుసులు బయటపడ్డాయి. 2006లో వాటికి ఈ పేరొచ్చింది. 2013 నాటికి సిట్రిక్ ఆమ్లం, ఇథిలీన్‌డైఅమీన్ కలిపి వేడిచేసి, 80 శాతం దాకా క్వాంటం ఈల్డ్ (పీల్చుకున్న ఫోటాన్లలో తిరిగి వెలుగుగా వచ్చే వాటా) రాబట్టారు. ఆ ఈల్డ్ లెక్కకు కొలబద్దగా తరచూ వాడేది సల్ఫ్యూరిక్ ఆమ్లంలోని క్వినైనే.

ఆమ్లత ప్రభావానికి సాధారణంగా ఇచ్చే వివరణ, ఉపరితలం మీది కార్బాక్సిల్, అమీన్ సమూహాలు ప్రోటాన్లు పట్టుకోవడం, వదలడం. కొన్నిసార్లు నలుసులు గుంపుకట్టడం కూడా. రెండూ జరగొచ్చు. కానీ నిరూపణ లేకుండానే ‘ఉపరితల సమూహాలు’ అని రాసి దులిపేసుకోవడం ఎక్కువైంది. పైన చెప్పిన సిట్రిక్ ఆమ్లం మిశ్రమంలో వెలుగులో పెద్ద వాటా, పక్కన పుట్టే ఐపీసీఏ అనే చిన్న సేంద్రియ అణువుదని తర్వాత తేలింది. డయాలిసిస్ (చిన్న అణువులనే దాటనిచ్చే పొరతో వడపోత) చేసినప్పుడు వెలుగు పొర దాటి బయటి నీళ్లలోకి వెళ్లిపోతే, పీహెచ్‌కు స్పందిస్తున్నది నలుసు కాదు, ఆ అణువే అనుకోవాలి.