బ్రుస్కెట్టా మెత్తబడకుండా మోసుకెళ్లడం ఎలా?

నవంబరు వచ్చిందంటే మధ్య ఇటలీలో గానుగల నుంచి కొత్త ఆలివ్ నూనె దిగుతుంది. దాని రుచి చూడ్డానికి అక్కడివాళ్లు బ్రెడ్డు ముక్కను నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఉప్పు చల్లి, పైన ధారాళంగా నూనె పోసుకుంటారు. బ్రుస్కెట్టా అంటే ఇంతే. టస్కనీలో ఫెట్టుంటా అంటారు. మనకు హోటళ్లలో కనిపించే టమాటా ముక్కలు తర్వాత వచ్చి చేరినవి. ఆ మాటకొస్తే, టమాటా ఇటలీకి చేరిందే 16వ శతాబ్దంలో.

నలుగురు కలిసే చోటికి పట్టుకెళ్లడానికి ఇంత తేలికైన వంటకం అరుదు. కాకపోతే ఇంట్లోనే అన్నీ పేర్చి తీసుకెళ్తే, దారిలోనే ముద్దయిపోతుంది. టమాటాలో 94, 95 శాతం నీరే. తరిగి ఉప్పు చల్లగానే కణాల్లోని నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకి, అంటే బయటికి వస్తుంది. కాల్చిన బ్రెడ్డేమో దాహంతో ఉంటుంది, దొరికిన తడినల్లా పీల్చుకుంటుంది.

అందుకే టమాటాలు తరిగి, ఉప్పు కలిపి, పావుగంట జల్లెడలో ఉంచండి. కారిన రసాన్ని మాత్రం పారబోయకండి. టమాటాకు కమ్మదనాన్నిచ్చే గ్లుటమేట్ కండలోకన్నా గింజల చుట్టూ ఉండే జిగురులోనే ఎక్కువని 2007లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. గింజలు తీసేసి చేయమనే వంటవాళ్లతో నేను ఏకీభవించనిది ఇందుకే. ఆ రసాన్ని కాస్త నూనెతో గిలకొట్టి సీసాలో పోసుకుంటే, తినే ముందు పైన చల్లుకోవచ్చు.

బ్రెడ్డును పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చండి. పైపొరలో నీరున్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నీరు ఆవిరయ్యాక, 140 డిగ్రీలు దాటే వేళకి అమైనో ఆమ్లాలు, చక్కెరలు జోరుగా కలిసి ఆ రంగూ వాసనా పుట్టిస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పేరు మీద మయార్ చర్య అంటారు. కాల్చిన ముక్కలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి జంతికల మీద మూత పెడితే ఏమవుతుందో తెలిసిందేగా!

వెల్లుల్లి పని అక్కడికి వెళ్లాకే. పొట్టు తీసిన రెబ్బకు ఘాటు వాసన పెద్దగా ఉండదు. దానిలో అల్లియిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని మార్చే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. కణాలు చితికినప్పుడే అవి రెండూ కలిసి, ఘాటునిచ్చే అల్లిసిన్ తయారవుతుంది. కాల్చిన బ్రెడ్డు గరుకుదనం తురుముపీటలా పనిచేసి రెబ్బను సన్నగా అరగదీస్తుంది. అల్లిసిన్ ఎక్కువసేపు నిలవదు, కాబట్టి ముందే రుద్దితే లాభం లేదు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట నిల్వ ఉంచడం అసలే వద్దు. గాలి తగలని ఆ చోట బొట్యులిజం విషాన్ని చేసే బాక్టీరియా పెరగగలదు.

పైన వేసే బేసిల్ ఆకు మన తులసికి చుట్టమే. వేసవిలో నానబెట్టుకు తాగే సబ్జా గింజలు బేసిల్ మొక్కవే. ఆకును కత్తితో ముందే తరిగితే నల్లబడుతుంది, అప్పటికప్పుడు తుంచి వేయండి.

ఇక నూనె. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె మింగాక గొంతులో చురుక్కుమంటుంది, నాలుక మీద కాదు. గ్యారీ బోషాంప్ అనే శాస్త్రవేత్త సిసిలీలో తాజా నూనె రుచి చూసినప్పుడు, అంతకుముందు తాను పరీక్షించిన ద్రవరూప ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు మంట గుర్తొచ్చింది. ఆ ఆధారంతో ఆయన బృందం ఓలియోకాంథాల్ అనే పదార్థాన్ని పట్టుకుని, ఐబుప్రొఫెన్ అడ్డుకునే ఎంజైములనే ఇదీ అడ్డుకుంటుందని 2005లో ప్రకటించింది. అలాగని బ్రుస్కెట్టా తింటే తలనొప్పి తగ్గదు, మోతాదు చాలా తక్కువ. తిన్నవాళ్లెవరైనా ఖళ్లుమని దగ్గితే మాత్రం కంగారుపడకండి, నూనె తాజాదే.