ఎనిమిది గళ్లలో ఆట

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత వీడియో గేమ్‌ల దుకాణం పెడుతూ మా బాబాయి కొడుకు నా దగ్గరికొచ్చాడు. "బోర్డు మీద పేరు ప్యాక్‌మ్యాన్ ఆటలో అక్షరాల్లా ఉండాలన్నా. గళ్లుగళ్లుగా, లావుగా." పేరేంట్రా అంటే "క్రీడా కేంద్రం" అన్నాడు. గళ్ల నోటుబుక్కు ముందేసుకున్నాక గానీ నా కష్టం నాకు తెలియలేదు.

1980లో నామ్‌కో కంపెనీ తెచ్చిన ప్యాక్‌మ్యాన్ తెర అడ్డంగా 224, నిలువునా 288 పిక్సెళ్లు, అంటే తెర మీద వెలిగే చిన్న గళ్లు. ఎనిమిదేసి గళ్ల పలకలుగా కోస్తే అడ్డంగా 28, నిలువునా 36 వస్తాయి. అక్షరం ఒక పలకలో ఇమడాల్సిందే. గడి వెలిగితే 1, ఆరితే 0 అనుకుంటే ఒక్కో అక్షరానికి 64 బిట్లు, అంటే 8 బైట్లు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఇరవయ్యారూ కలిపి 208 బైట్లే! మెమరీ బంగారంలా తూచి వాడిన రోజులవి.

ఆ లావు కూడా సోకు కోసం పుట్టింది కాదు. ఇంటి కంప్యూటర్లను టీవీకి తగిలించినప్పుడు ఒక్క పిక్సెల్ వెడల్పున్న నిలువు గీత రంగు చెదిరి మసకబారేది. అందుకని నిలువు గీతలకు రెండేసి గళ్లు ఇచ్చేవారు. 1984లో యాపిల్ వాళ్ల మెకింటాష్ కంప్యూటర్ కోసం సూసన్ కేర్ గీసిన షికాగో ఫాంటూ ఇలా గళ్లతో కట్టిన బొద్దు ఫాంటే. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ చిన్న తెర మీద మళ్లీ అదే కనిపించింది.

మన లిపి దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. 'క్రీ' మూడంతస్తుల ఇల్లు: పైన గుడిదీర్ఘం, నడుమ క, కింద రకారం ఒత్తు. నేను ఎన్ని రకాలుగా గీసినా ఎనిమిది వరుసల్లో ఇమడలేదు. పదహారు ఇస్తే కుదిరింది, కానీ 16×16 అంటే 32 బైట్లు, నాలుగింతలు. పైగా ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. గళ్లు చాలకపోతే ముందు మాయమయ్యేవి అవే.

గుండ్రదనం పోతుందన్న బెంగ మాత్రం నాకు లేదు. పోచంపల్లి ఇకత్ చీర చూడండి. గ్రాఫు కాగితం మీద గీసిన నమూనా ప్రకారం నూలుకు ముందే ముళ్లు కట్టి రంగులద్దుతారు. నేశాక పువ్వు అంచు మెట్లుమెట్లుగా వస్తుంది. దాన్ని పువ్వు కాదన్నవాళ్లెవరు?

ఈ గళ్ల ఫాంట్లకు చోటు పేర్లలో, పోస్టర్లలో, టీషర్టుల మీద; పేరా నిండా పరిస్తే కళ్లు లాగేస్తాయి. ఎనిమిది గళ్ల ఫాంటుకు తెర మీద సైజు ఎనిమిది గుణిజాల్లోనే పెట్టాలి: 16, 24, 32. ఇరవై పెడితే కొన్ని గళ్లు లావెక్కుతాయి, లేదా అంచులు అలికేసినట్టవుతాయి. ఫ్లెక్సీవాడికి బొమ్మ ఫైలు జేపీఈజీ రకంలో పంపకండి, పీఎన్‌జీ రకంలో పంపండి. జేపీఈజీ కూడా బొమ్మను 8×8 గళ్ల ముక్కలుగానే కోస్తుంది, కానీ పదునైన అంచుల చుట్టూ మసి పూస్తుంది.

చివరికి తమ్ముణ్ని కూర్చోబెట్టి పేరు మార్పించాను: "ఆటల గది". ఒక్క ఒత్తు లేదు. 'ది' మీద గుడికి మాత్రం ఇంకో రెండు వరుసలు అడిగాను.