ఆటగాడి వెంట నడిచే సంగీతం

సినిమాకు రీరికార్డింగ్ చేసే సంగీత దర్శకుడి చేతికి ఎడిటింగ్ అయిపోయిన సీన్లు వస్తాయి. హీరో తలుపు తీయడానికి ఎన్ని సెకన్లు పడుతుందో, విలన్ ఎప్పుడు వెనక్కి తిరుగుతాడో ఆయనకు ముందే తెలుసు. వీడియో గేమ్‌కి సంగీతం కట్టేవాళ్లకు ఆ వీలు లేదు. ఒకడు పరుగున వెళ్లి తలుపు తోసేస్తాడు. ఇంకొకడు భయపడి చాలాసేపు బయటే తచ్చాడతాడు. మరొకడు ఆటను అలాగే వదిలేసి అన్నానికి లేస్తాడు. అందరికీ అదే సంగీతం సరిపోవాలి. గేమ్ సంగీతం చరిత్రంతా ఈ చిక్కును విప్పుకుంటూ సాగిందే.

జపాన్ కంపెనీ టైటో 1978లో స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటను తెచ్చింది. తయారుచేసింది తోమోహిరో నిషికాడో. అందులో సంగీతమంటే మంద్రస్థాయిలో కిందికి దిగే నాలుగు స్వరాలు, అంతే. అవే మళ్లీ మళ్లీ వస్తాయి. పైనుంచి దిగే శత్రువులను కాల్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది, దాంతోపాటే ఆ నాలుగు స్వరాల నడకా పెరుగుతుంది. ఆడేవాడికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఆ వేగం ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. తెర మీద బొమ్మలు తగ్గేసరికి ప్రాసెసర్ మీద భారం తగ్గి, మిగిలినవి గబగబా కదిలాయి. నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశారు. చాలా గొప్ప నిర్ణయం అది. ఆటలో జరుగుతున్నదానికి తగ్గట్టు సంగీతం మారితే మనిషి మీద ఎంత పట్టు దొరుకుతుందో అక్కడ తెలిసిపోయింది.

తర్వాత 1985లో సూపర్ మారియో బ్రోస్ వచ్చింది. తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడుకున్నవాళ్లకు ఆ ట్యూన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కట్టింది కోజి కోండో. ఆయన చేతిలో ఉన్నది ఐదు ఛానెళ్ల సౌండ్ చిప్, అంటే ఒకేసారి ఐదు శబ్దాలకు మించి పలకదు. అందులో రాగం నడపడానికి పనికొచ్చేవి ముఖ్యంగా మూడే. ఒకటి చప్పుడు కోసం, ఇంకొకటి చిన్న చిన్న రికార్డింగుల కోసం. మారియో ఎగిరిన శబ్దం, నాణెం పట్టిన శబ్దం కూడా ఆ ఛానెళ్లలోంచే రావాలి. అందుకే అవి మోగినప్పుడల్లా పాటలో ఒక గొంతు కాసేపు ఆగిపోతుంది. అయినా పాట తెగినట్టు అనిపించదు, ఎందుకంటే లయ అంత గట్టిగా ఉంది. టైము వందకు తగ్గగానే అదే ట్యూన్ వేగం అందుకుంటుంది. గడియారం వైపు చూడకుండానే తొందరపడాలని మనకు తెలిసిపోతుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో ఈ సంగీతాన్ని తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది.

వేగం మార్చడం ఒక ఎత్తు, పాటనే మార్చడం ఇంకో ఎత్తు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లగానే పాత పాట ఠక్కున ఆగి కొత్తది మొదలైతే చెవికి ఇబ్బందిగా ఉంటుంది. లూకాస్ ఆర్ట్స్ కంపెనీలో మైఖేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ దీనికోసం ఐమ్యూజ్ అనే పద్ధతిని తయారుచేశారు. 1991లో వచ్చిన మంకీ ఐలండ్ 2 ఆటలో దాన్ని వాడారు. అందులో వుడ్‌టిక్ అనే ఊరుంది. అక్కడ ఏ గదిలోకి వెళ్తే ఆ గదికి తగ్గ రూపంలోకి పాట జారుకుంటుంది. బయటికి వస్తే, అప్పుడు పాట ఎక్కడుందో చూసుకుని, అతుకు కనపడకుండా అసలు ట్యూన్‌లోకి వచ్చి కలుస్తుంది. మన పద్య నాటకాల్లో నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే హార్మోనిస్టు అంతసేపూ వెంట ఉంటాడు, జనం వన్స్ మోర్ అంటే మళ్లీ ఎత్తుకుంటాడు. కంప్యూటర్‌కి ఆ చెవిని ఇవ్వాలన్నదే వాళ్ల ప్రయత్నం.

ఇప్పుడు ఈ పని ఎక్కువగా పొరలుగా చేస్తారు. తీగ వాయిద్యాలు ఒక పొర, డ్రమ్స్ ఒక పొర, బేస్ ఇంకో పొర. నువ్వు ఊరికే నడుస్తుంటే ఒకటే వినిపిస్తుంది. శత్రువు కనపడితే రెండోది, కాల్పులు మొదలైతే అన్నీ కలుస్తాయి. 2010 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్‌కి బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ చాలావరకు సంగీతాన్ని ఒకే ఎ మైనర్ స్కేల్‌లో, నిమిషానికి 130 బీట్ల వేగంతో రికార్డు చేశారు. ఏ ముక్కను దేనిమీద వేసినా శ్రుతీ లయా తప్పకూడదని. సంగీత దర్శకుడికి ఇది కఠినమైన కట్టుబాటే. కానీ దానివల్లే ఆటగాడికి స్వేచ్ఛ దొరికింది.

ఇదంతా మనసుకే కాదు, ఒంటికీ తెలుస్తుంది. 2005లో మాంట్రియల్ పరిశోధకులు కొందరు యువకుల చేత క్వేక్ 3 అనే కాల్పుల ఆట ఆడించారు. కొందరికి సంగీతంతో, కొందరికి సంగీతం తీసేసి. తర్వాత లాలాజలం పరీక్షిస్తే సంగీతంతో ఆడినవాళ్లలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా కనిపించింది. సంగీతం పైపై అలంకారం మాత్రమే అనేవాళ్లకు ఈ ఒక్క ఫలితం చాలు. పిల్లలు ఆటలో పడి ఎందుకంత ఊగిపోతారని అడిగే తల్లిదండ్రులు తెర మీది బొమ్మలతో పాటు స్పీకర్ సంగతీ ఆలోచించాలి.

సంగీతం సమాచారం కూడా ఇస్తుంది. 2008లో వచ్చిన లెఫ్ట్ 4 డెడ్‌లో ప్రత్యేకమైన శత్రువులకు వేర్వేరు సంగీత సంకేతాలుంటాయి. ఎవరు వస్తున్నారో కంటి కంటే ముందు చెవి పసిగడుతుంది. సంగీతం లేకపోవడమూ అలాంటిదే. షాడో ఆఫ్ ది కొలోసస్‌లో విశాలమైన మైదానంలో గుర్రం మీద వెళ్తున్నంతసేపూ గాలి, గిట్టల చప్పుడే. మహాకాయుడు ఎదురైనప్పుడే ఆర్కెస్ట్రా లేస్తుంది. అంతసేపు ఊరుకున్నందువల్లే ఆ క్షణానికి అంత బలం వచ్చింది. మన కుర్రాళ్లు ఫోన్లలో ఆడే పబ్‌జీలోనూ లాబీలో, అంటే మ్యాచ్ మొదలయ్యే ముందు ఎదురుచూసే తెర మీద, ఉన్న హోరు మ్యాచ్‌లో ఉండదు. ఎవరి అడుగులు ఎటునుంచి వస్తున్నాయో వినపడటం అక్కడ ప్రాణావసరం, సంగీతం దానికి అడ్డు రాకూడదు.

గ్రామీ అవార్డుల్లో 2023 నుంచి గేమ్ సంగీతానికి విడిగా ఒక విభాగం పెట్టారు. మొదటి అవార్డు స్టెఫానీ ఎకనమూకి, అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లోని ఒక భాగానికి దక్కింది. ఈ గుర్తింపు సంతోషమే, రావలసినదే. ఒక్క మాట మాత్రం అనాలి. ఆల్బమ్‌లో మనం వినేది ముందే ఒక వరుసలో పెట్టేసిన రూపం. ఆటలో అదే సంగీతం నువ్వు ఆగితే ఆగుతుంది, తొందరపడితే పొరలు కలుపుకుంటుంది, దారి తప్పితే నీతోపాటే తిరుగుతుంది. ఆ పనితనం వినాలంటే ఆట ఆడాల్సిందే.