రైలు పోయిన దారి సైకిల్‌కి ఎందుకంత హాయి?

విశాఖలో సైకిల్ తొక్కేవాళ్ళకి వాలు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పాండురంగాపురం డౌన్‌లో తొక్కకుండానే బీచ్‌కి దిగిపోవచ్చు. తిరిగి ఎక్కేటప్పుడే తొడలు మంటెత్తుతాయి. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేసిన ఊరు మరి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎల్‌రాయ్-స్పార్టా బాట గురించి చదివితే మనకి కాస్త అసూయ పుట్టడం సహజం. మూతపడిన రైలు మార్గంలో పట్టాలు తీసేసి, సున్నపురాయి పొడి పరిచి, 1960ల్లో సైకిళ్ళకి వదిలేశారు. సుమారు 50 కిలోమీటర్ల దారి, మధ్యలో మూడు సొరంగాలు. చుట్టూ కొండలే, అయినా పిల్లలు కూడా తొక్కేస్తారు.

దీనికి కారణం రైలుకున్న ఒక బలహీనత. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లితే రాపిడి చాలా తక్కువ. చదును నేల మీద టన్ను బరువుని నడపడానికి సుమారు రెండు కిలోల లాగుడు చాలు. అదే దారి నూరు మీటర్లకు ఒక్క మీటరు లేచిందంటే, భూమ్యాకర్షణ వల్ల టన్నుకి ఇంకో పది కిలోలు వచ్చి పడతాయి. అంటే ఒక్క శాతం వాలుకే ఇంజన్ ఆరింతలు లాగాలి. పైగా నున్నటి ఉక్కు మీద పట్టు తక్కువ, వాన పడితే చక్రం జారుతుంది. ఇంజన్ చక్రాల కింద ఇసుక చల్లే ఏర్పాటు అందుకే. కాబట్టి రైలు దారి వేసేవాళ్ళు కొండని తొలిచి, పల్లాన్ని పూడ్చి, ఎలాగోలా వాలు తగ్గిస్తారు.

మన అరకు రైలు నడిచే కేకే లైనే చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి చేర్చడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేశారు. మొత్తం 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఘాట్‌లో వాలు మాత్రం 60 మీటర్లకు ఒక మీటరే, అంటే 1.67 శాతం. ఆ లెక్కన 900 మీటర్లు ఎక్కడానికి 54 కిలోమీటర్ల పట్టా కావాలి. లైన్ అన్ని మెలికలు తిరిగేది అందుకే. వంపులో చక్రం అంచు పట్టాకి రాసుకుని రాపిడి పెరుగుతుంది కనుక అక్కడ వాలుని ఇంకా తగ్గిస్తారు. అంత ఓపిగ్గా లెక్కలు వేసిన దారి సైకిల్‌కి దొరికితే ఇంకేం కావాలి!

మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం, వేగం గంటకు 12 కిలోమీటర్లు. 1.67 శాతం వాలు ఎక్కడానికి దాదాపు 70 వాట్లు చాలు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళు ఆ శక్తిని గంటసేపు ఇవ్వగలరు. అదే వేగంతో 8 శాతం ఉన్న ఘాట్ రోడ్డు ఎక్కాలంటే 230 వాట్లు దాటుతుంది. అది బాగా ప్రాక్టీస్ ఉన్నవాళ్ళ పని. అరకు దాకా సైకిల్ మీద వెళ్ళొచ్చినవాళ్ళని ఆ మాత్రం పొగడాల్సిందే.

రైలు వాలుకి ఒక టక్కరితనం కూడా ఉంది. ఒక శాతం ఎత్తుని కన్ను పట్టుకోలేదు. దారి చదునుగానే కనిపిస్తుంది, కాళ్ళు మాత్రం బరువెక్కుతాయి. బ్రేక్ పట్టేసిందేమో, టైర్లో గాలి తగ్గిందేమో అని దిగి చూసుకుంటారు. వెనక్కి తిరిగితే తొక్కకుండానే సైకిల్ జోరుగా పోతుంది, అప్పుడు అర్థమవుతుంది అసలు సంగతి. నేల కూడా తన వంతు పట్టుకుంటుంది. తారు రోడ్డు మీద కంటే వదులు కంకర మీద టైరు రాపిడి రెట్టింపు దాకా పోవచ్చు. అక్కడ సన్న టైర్లు దిగబడతాయి. కాస్త వెడల్పు టైరు వేసుకుని గాలి తగ్గించుకోవడం మేలు.

కేకే లైన్ మీద ఖనిజం బళ్ళు ఇప్పటికీ తిరుగుతున్నాయి. పట్టాల పక్కన సైకిల్ తొక్కడం ప్రమాదం, పైగా చట్టప్రకారం నేరం. అరకు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే మాత్రం పట్టాల పక్కన రెక్కలున్న చిన్న స్తంభాల్ని గమనించండి. రెక్క పైకి చూస్తే ఎక్కుడు, కిందికి చూస్తే దిగుడు. దాని మీదున్న అంకెతో నూరుని భాగిస్తే వాలు శాతం వస్తుంది. సైకిల్ వాళ్ళకైతే ఆ అంకె ఎంత పెద్దదైతే అంత సుఖం.