లక్షలు పోసిన సమ్మర్ ప్రోగ్రాం అమెరికా సీటు తెస్తుందా? అపోహలు, వాస్తవాలు

అమెరికా అడ్మిషన్లకి సలహాలిచ్చే నాకు ఏప్రిల్ వచ్చిందంటే ఒకటే రకం ఫోన్లు. "మేడమ్, అమెరికాలో ఫలానా యూనివర్సిటీ సమ్మర్ ప్రోగ్రాంకి మా బాబు సెలెక్టయ్యాడు, అక్కడ చేస్తే తర్వాత డిగ్రీ సీటు ఖాయమట కదా?" ఎవరన్నారండీ అంటే, వాట్సాప్ గ్రూపులో ఎవరో!

అపోహ: పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో సమ్మర్ గడిపితే అక్కడ అడ్మిషన్‌కి కలిసొస్తుంది.

వాస్తవం: రాదు. ఇలాంటి ప్రోగ్రాంలు కొన్నింటిని ఆ క్యాంపస్ అద్దెకు తీసుకున్న బయటి కంపెనీలు నడుపుతాయి. యూనివర్సిటీయే నడిపినా అడ్మిషన్స్ ఆఫీసు వేరు. ఇందులో చేరినంత మాత్రాన అడ్మిషన్‌లో ప్రాధాన్యం ఉండదని చాలా యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లోనే రాస్తాయి, కానీ మనవాళ్లు ఆ పేజీ వదిలేసి బ్రోషర్ చదువుతారు. రెండు మూడు వారాలకు వేల డాలర్ల ఫీజు, పైన టికెట్లు, వీసా. బంగారం తాకట్టు పెట్టి కట్టినవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

నిజంగా బరువున్నవీ ఉన్నాయి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జరిగే ఆర్‌ఎస్‌ఐ (రిసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్) అనే హైస్కూల్ పిల్లల పరిశోధన ప్రోగ్రాం 1984 నుంచి ఉంది, ఫీజు లేదు, వసతీ భోజనం వాళ్లవే. దొరకడమే కష్టం, దాని విలువంతా అందులోనే ఉంది.

అసలు ఫారం చూడండి. చాలా అమెరికా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం కామన్ యాప్. అందులో చదువు కాక చేసే పనులకి, అంటే యాక్టివిటీలకి, పది గళ్లుంటాయి. ఒక్కో యాక్టివిటీ వివరణకి స్పేసులతో కలిపి 150 అక్షరాలే. పక్కనే వారానికి ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని వారాలు అని అడుగుతారు. రెండు వారాల క్యాంపు అక్కడ రెండు వారాలుగానే కనిపిస్తుంది, ఎన్ని లక్షలు పోసినా.

ఖమ్మం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, వాళ్ల నాన్నకి మెడికల్ షాపు. సెలవుల్లో, ఆదివారాల్లో ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్ట్రిప్పులు ఏరి, బ్యాచ్ నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించి, ఏజెన్సీకి రిటర్న్ కట్టే పని తనదే. ఫారంలో మాత్రం మూడు రోజుల లీడర్‌షిప్ వర్క్‌షాప్ మొదట పెట్టింది, షాపు ఊసే లేదు. "షాపులో కూర్చుందని రాస్తే చిన్నతనంగా ఉంటుందేమో మేడమ్" అంది వాళ్లమ్మ. ఆవిడ భయం నాకు అర్థమైంది, కానీ కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకి విడిగా ఒక కేటగిరీయే ఉంది! షాపుని మొదటి వరుసలోకి తెచ్చాం. "నాన్నకు సాయం చేశాను" అన్నది కొట్టేసి, ఏ సరుకు చూసుకుంటుందో, తను మొదలుపెట్టాక పారేసే మందులు ఎంత తగ్గాయో రాయించాను. వర్క్‌షాప్ అడుక్కి పోయింది.

మిగతావి గబగబా. పది గళ్లూ నింపాలా? అక్కర్లేదు, సొంత ఫారం ఉన్న ఎంఐటీ అయితే నాలుగే అడుగుతుంది. పిల్లాడితో ఎన్జీవో పెట్టించాలా? బ్యానర్ కట్టి, నోటుపుస్తకాలు పంచి, ఫొటో దిగి మూసేసే ఎన్జీవోని చూసి ఎవరూ మోసపోరు. డబ్బు కడితే పరిశోధన పేపర్ అచ్చేసే జర్నల్? లేనిపోని అనుమానం తెచ్చుకోవడమే. ఇక ఐఐటీ, ఈఏపీసెట్ సీట్లకైతే ఇవేవీ చూడరు, అక్కడ ర్యాంకే.

"ఇంటర్ కాలేజీ సమ్మర్‌లోనూ క్లాసులు పెట్టింది, మావాడికి ఖాళీ ఏది?" అని టెన్షన్ పడే తల్లిదండ్రులే ఎక్కువ. వారానికి రెండు గంటలు చాలండీ, ఏడాది పొడుగునా చేస్తే. మార్కులు పోగొట్టుకుని మాత్రం ఏదీ చేయించకండి, అమెరికా యూనివర్సిటీలు ముందు చూసేది వాటినే.