ముసలి యుద్ధనౌకకు కొత్త రాడార్ పెడితే

"మాస్టారూ, మన తొలి విమానవాహక నౌక విక్రాంత్‌ను తుక్కు కింద ఎందుకు అమ్మేశారు? కొత్త ఇంజన్లు, కొత్త రాడార్లు బిగించి ఇంకో ఇరవై ఏళ్లు నడపొచ్చు కదా? పోనీ, మ్యూజియంగానైనా ఉంచొచ్చు కదా?" పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్న కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. చిలికా సరస్సు ఒడ్డున నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ చిల్కా ఉంది కదా, అక్కడ చేరాలని వాడి కోరిక. ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు ముందు వాడిని మెచ్చుకోవాలి. ఎందుకంటే ఓడ ముసలిదైపోవడం అంటే తుప్పు పట్టడమేనని చాలామంది అనుకుంటారు. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో మనం రోజూ చూస్తున్నాం. ఓడకూ అదే గతి అనిపించడం సహజం.

తుప్పు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. రేకు మందం ఎంత తగ్గిందో అతిధ్వని పరికరంతో కొలుస్తారు, పలచబడ్డ రేకును కోసి కొత్తది అతుకుతారు. ఖర్చుతో కూడిన పనే గాని, తెలియని పని కాదు. ఓడ భవిష్యత్తును తేల్చేది అది కాదు.

వయసు కూడా కాదు. అమెరికా యుద్ధనౌక మిస్సోరీ 1944లో నేవీలో చేరింది, 1955లో పక్కన పెట్టారు. 1986లో మళ్లీ తెచ్చి, టొమహాక్ క్షిపణులు బిగించారు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఆ నలభై ఏడేళ్ల ఓడ క్షిపణులు పేల్చింది. అదే నౌకాదళంలో టికాండెరోగా అనే క్రూయిజర్ తరహా యుద్ధనౌక 1983లో చేరి 2004లో రిటైరైంది. ఇరవై ఒక్క ఏళ్లకే! ముసలిది నిలిచి, పడుచుది ఇంటికి పోవడమేమిటి? దీని గుట్టు చెప్పాలంటే మన కార్తీక మాసంలోకి వెళ్లాలి.

కార్తీక పున్నమి తెల్లవారుజామున ఇక్కడ ఒడియా వాళ్లు బోయిత బందాణ జరుపుకుంటారు. ఒకప్పుడు కళింగ వర్తకులు ఓడలెక్కి బాలి, జావా ద్వీపాలకు వెళ్లినదానికి గుర్తు అది. అరటి బోదెతోనో, కాగితంతోనో బొమ్మ ఓడలు చేసి, తమలపాకు, వక్క, దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. బరంపురం చెరువుల దగ్గర, గోపాల్‌పూర్ ఒడ్డున ఆ వేళ ఇసుక వేస్తే రాలనంత జనం. మన తెలుగిళ్ల ఆడవాళ్లు అరటి దొప్పల్లో ఒత్తులు వెలిగించి వదిలేదీ ఈ నెలలోనే.

ఈసారి ఆ దొప్పతో ఒక ప్రయోగం చేయండి. ప్రమిదను దొప్ప అడుగున ఆనించి పెట్టి నీళ్లలో వదలండి. అల వస్తే ఒరుగుతుంది, మళ్లీ తనంతట తానే లేచి నిలబడుతుంది. ఇప్పుడు అదే ప్రమిదను జానెడు ఎత్తు పుల్ల కొనకు కట్టి, ఆ పుల్లను దొప్ప మధ్యలో గుచ్చండి. చిన్న అలకే బోల్తా! పుల్ల బరువు పక్కన పెడితే మొత్తం బరువు మారలేదు. దొప్ప నీళ్లలో మునిగిన లోతూ మారలేదు. ఆర్కిమెడిస్ సూత్రానికి ఏ లోటూ రాలేదు. అయినా దీపం కొండెక్కింది.

మన బళ్లలో ఆర్కిమెడిస్ దగ్గరే పాఠం ఆపేస్తాం. వస్తువు ఎంత నీటిని తోసేస్తే అంత తేలుబలం అని చెప్పించి, రెండు లెక్కలు చేయించి మార్కులు వేస్తాం. తేలడం వేరు, నిటారుగా తేలడం వేరు అని ఏ పిల్లవాడికీ చెప్పం. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఎందుకంటే అసలు అందమంతా ఆ తర్వాతి మెట్టులోనే ఉంది.

దొప్ప బరువంతా ఒక బిందువు గుండా కిందికి లాగుతుంది. అది గురుత్వ కేంద్రం. నీరు పైకి తోసే బలం మునిగిన భాగం నడిమధ్య నుంచి పనిచేస్తుంది. అది ఉత్ప్లవన కేంద్రం. దొప్ప కుడికి ఒరిగిందనుకోండి. కుడిపక్క ఎక్కువ మునుగుతుంది కాబట్టి ఉత్ప్లవన కేంద్రం కూడా కుడికి జరుగుతుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా పైకి గీత గీస్తే, అది దొప్ప నడిమి గీతను ఒకచోట కోస్తుంది. ఆ బిందువే మెటాసెంటర్. గురుత్వ కేంద్రం దానికి కింద ఉన్నంతకాలం బరువు ఒకవైపు, తేలుబలం ఇంకోవైపు తిప్పి దొప్పను లేపుతాయి. పైకి పోయిందా, అవే రెండు బలాలు కలిసి దొప్పను ముంచుతాయి. ఈ రెండు బిందువుల మధ్య దూరమే ఓడ ప్రాణం.

ఇక లెక్కలోకి దిగుదాం. ఓపిక పట్టండి, ఈ వ్యాసమంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది. సులువు కోసం మన యుద్ధనౌక ఒక పెద్ద పెట్టె అనుకుందాం. పొడవు 52 మీటర్లు, వెడల్పు 15, నీళ్లలో మునిగింది 5. ఉప్పునీటిలో దాని బరువు దాదాపు 4000 టన్నులు. ఉత్ప్లవన కేంద్రం అడుగు నుంచి 2.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దానికి పైన మెటాసెంటర్ ఎంత ఎత్తులో ఉంటుందంటే, వెడల్పును వెడల్పుతో గుణించి, మునకకు పన్నెండు రెట్లతో భాగించాలి. 225ను 60తో భాగిస్తే 3.75. అంటే అడుగు నుంచి 6.25 మీటర్లు. గురుత్వ కేంద్రం 5.25 మీటర్ల దగ్గర ఉందనుకుంటే, మన ఓడ ప్రాణం ఒక్క మీటరు.

ఇప్పుడు ఈ ఓడను ఆధునికీకరిద్దాం. పాత రాడార్ మందగించింది, కొత్తది కావాలి. రాడార్ దూరం చూడాలంటే ఎత్తున ఉండాలి, పుల్ల కొనన ప్రమిదలాగే. కాబట్టి అడుగు నుంచి 25 మీటర్ల ఎత్తున, స్తంభం మీద, 20 టన్నుల సరంజామా పెట్టాం. 4000 టన్నుల ఓడకు 20 టన్నులంటే నూటికి అర వంతు. ఏమంత లెక్క అనిపిస్తుంది. కానీ గురుత్వ కేంద్రం దాదాపు 10 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఒక్క మీటరు ప్రాణంలో పదో వంతు ఒక్క రాడార్ తినేసింది!

విరుగుడు లేదా? ఉంది. దొప్ప అడుగున రాయి పెట్టినట్టు, ఓడ అడుగున సీసమో ఇనుమో పేర్చవచ్చు. గురుత్వ కేంద్రానికి 5 మీటర్ల కింద పేరిస్తే, ఆ 20 టన్నులకు దాదాపు 80 టన్నుల అడుగు బరువు కావాలి. రెండూ కలిపి 100 టన్నులు. ఓడ మరో 12 సెంటీమీటర్లు మునుగుతుంది, వేగం తగ్గుతుంది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది. ఇలా రాడార్, దానికి కేబుళ్లు, క్షిపణులు, ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు, ఏటా వేసే రంగు పొరలు కూడా, అన్నీ బరువే, అందులో ఎక్కువ భాగం పైనే. 1934 మార్చిలో జపాన్ టార్పెడో పడవ టొమొజురు తుపానులో బోల్తా పడింది. అది చేరి నెల కూడా కాలేదు. చిన్న ఒంటి మీద పెద్ద ఆయుధాలు పేర్చారు, సుమారు వందమంది పోయారు. ఆ తర్వాత జపాన్ తన నౌకలన్నిటి నిలకడనూ మళ్లీ లెక్కగట్టి, పై బరువులు దించుకోవలసి వచ్చింది.

ఇంకో ఉపాయం వెడల్పు. రెండు దొప్పలను పక్కపక్కన పెట్టి చీపురుపుల్లలతో గుచ్చి చూడండి, పుల్ల మీది దీపం కూడా నిలబడుతుంది. వెడల్పు రెట్టింపైతే, మునక అంతే ఉంటే, ఆ 3.75 నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క నమ్ముకునే 1986లో అమెరికా వాళ్లు మిడ్‌వే అనే విమానవాహక నౌకకు రెండు పక్కలా బోలు ఉబ్బులు అతికించారు. 1945 నాటి ఓడ అది, నలభై ఏళ్లుగా బరువులు మీద వేసుకుంటూ వచ్చింది. నిలకడ పెరిగింది. పెరగవలసిన దానికంటే ఎక్కువే పెరిగింది. నిలకడ మరీ ఎక్కువైతే ఓడ ఒరిగిన మరుక్షణమే విసురుగా వెనక్కి లేస్తుంది, ఒరుగుడు కాలం తగ్గిపోతుంది. జంట దొప్పల మీది దీపాన్ని జాగ్రత్తగా గమనించండి, బోల్తా పడదు గానీ దడదడా వణుకుతుంది. మిడ్‌వే కూడా అలాగే ఊగింది. విమానాలు దిగే డెక్కు అలా ఊగితే ఏం ప్రయోజనం? కోట్లు పోసి చేసిన మరమ్మతు ఓడను ఇంకా ఇబ్బంది పెట్టింది.

కాబట్టి తెలివైన పద్ధతి ఒకటే: పెట్టేముందు తీయడం. మిస్సోరీకి టొమహాక్‌లు బిగించేటప్పుడు పక్కనున్న జంట ఫిరంగులు నాలుగు పీకేశారు. విశాఖలో ఉండే మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌కు బ్రహ్మోస్ క్షిపణులు ఇచ్చినప్పుడు పాత క్షిపణుల గొట్టాలు కొన్ని తీసి వాటి చోట అమర్చారు. 1980లో చేరిన ఆ ఓడ 2021 మే దాకా, నలభై ఒక్క ఏళ్లు పనిచేసింది.

ఇప్పుడు టికాండెరోగా దగ్గరికి రండి. దానికి వాడిన ఒళ్లు స్ప్రూయన్స్ తరగతి డెస్ట్రాయర్లది. 1975లో అవి వచ్చినప్పుడు ఇంత పెద్ద ఓడలో ఇంత ఖాళీ ఏమిటని విమర్శించారు. ఆ ఖాళీయే భవిష్యత్తుకు దాచిన సొమ్ము. టికాండెరోగా తరగతి పుట్టుకతోనే ఆ సొమ్మంతా ఖర్చు పెట్టేసింది. అంత పెద్ద రాడార్లు పైన మోయాలి కాబట్టి, బరువు తగ్గించడానికి డెక్కు పైనున్న కట్టడాన్ని అల్యూమినియంతో కట్టారు. ఉక్కులో మూడో వంతు బరువే కదా! కానీ ఆ మిశ్రమంలో సుమారు 5 శాతం మెగ్నీషియం ఉంటుంది. ఏళ్ల తరబడి 50 డిగ్రీలు దాటే వేడిలో కాలితే, ఆ మెగ్నీషియం లోహపు రేణువుల అంచులకు చేరి అల్యూమినియంతో కలిసి వేరే సమ్మేళనంగా పేరుకుంటుంది. ఉప్పునీరు తగిలితే ముందు అదే కరుగుతుంది. పైకి రేకు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేణువుల మధ్య బంధం పోతుంది. అలలకు ఓడ వంగినప్పుడల్లా పగుళ్లు పాకుతాయి. చూశారా, పగులు కథ కూడా చివరికి పుల్ల కొనన దీపం కథే.

ఆ తరగతిలో మొదటి 5 నౌకలు నిలువు గొట్టాల్లోంచి క్షిపణులు పేల్చే ఏర్పాటు రాకముందువి, 2004, 2005లలోనే పోయాయి. మిగిలినవాటిలో 7 నౌకలను ఆధునికీకరించడానికి 2015 నుంచి దాదాపు 370 కోట్ల డాలర్లు ఖర్చుచేశారని, అందులో 4 ఒక్కసారి కూడా విధులకు వెళ్లకుండానే రిటైరయ్యాయని, వాటి మీద పెట్టిన 184 కోట్ల డాలర్లు వృథా అయ్యాయని అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే సంస్థ 2024 డిసెంబరులో తేల్చింది. పాత ఓడను విప్పేదాకా లోపల ఏముందో తెలియదు, విప్పాక వెనక్కి రావడానికి మనసొప్పదు.

మనకూ ఆ అనుభవం ఉంది. రష్యా నుంచి తీసుకున్న పాత విమానవాహక నౌక గోర్ష్‌కోవ్‌ను ఐఎన్‌ఎస్ విక్రమాదిత్యగా మార్చడానికి 2004లో అనుకున్నది 97 కోట్ల డాలర్లు, చివరికి అయింది దాదాపు 235 కోట్లు. 2,300 కిలోమీటర్ల కొత్త కేబుల్ వేయవలసి వచ్చింది. 2012 పరీక్షల్లో బాయిలర్ల లోపలి వేడినాపే ఇటుకలు నిలవక 8 బాయిలర్లలో 7 మొరాయించాయి. అయినా 2013 నవంబరులో అది మన నౌకాదళంలో చేరింది. ఆ పనికి పూనుకోవడం సరైనదేనని నా అభిప్రాయం. అప్పటికి విరాట్ తప్ప మనకు వేరే విమానవాహక నౌక లేదు, కొత్తది కట్టడం తెలుసుకోవడానికి కాలం కావాలి.

ఇక్కడ ఒక మాట. ఓడకు పేరు మారిస్తే కీడు అంటారు చాలామంది. మన తీరంలో పడవ ముక్కుకు పసుపూ కుంకుమా పెట్టి గంగమ్మను తలుచుకునే అలవాటును నేను గౌరవిస్తాను, సముద్రం మీదికి వెళ్లేవాడి భయం ఒడ్డున కూర్చున్నవాడికి తెలియదు. కానీ పేరు కీడు మాత్రం లెక్కకు నిలవదు. విక్రాంత్ పుట్టినప్పుడు హెర్క్యులిస్. విరాట్ బ్రిటిష్ వాళ్ల దగ్గర హెర్మీస్, 1987లో పేరు మారి 2017 దాకా మనకు సేవచేసింది. విక్రమాదిత్యకు ఇది మూడో పేరు.

ఇక ఆ కుర్రాడి విక్రాంత్. 1943లో కట్టడం మొదలైన ఒళ్లు, 1961లో మన నౌకాదళంలో చేరింది. 1971లో ఒక బాయిలర్ పగుళ్లిచ్చినా, వేగం తగ్గించుకుని మరీ మన బంగాళాఖాతంలో పోరాడింది. తర్వాత బాయిలర్లు మార్చారు, సీ హారియర్ యుద్ధవిమానాల కోసం డెక్కు ముందుభాగాన్ని ఎత్తుగా కట్టారు. ఇవ్వగలిగినదంతా ఇచ్చేసి 1997 జనవరిలో రిటైరైంది. ఆ చిన్న డెక్కు మీదికి తర్వాతి తరం విమానాలు, వాటి బరువు, వాటికి కావలసిన రాడార్లు ఎక్కవు.

మ్యూజియం మాట. ముంబయిలో 2012 దాకా మ్యూజియంగా ఉంది. నీళ్లలో తేలుతూ ఉన్న మ్యూజియం అది. నీటి అడుగు భాగాన్ని చూడాలంటే నీళ్లు తోడేసే డ్రై డాక్‌లోకి తీసుకెళ్లాలి, 213 మీటర్ల ఓడను మాటిమాటికీ తీసుకెళ్లే స్తోమత ఎవరికుంది? ప్రమాదకరంగా మారిందని మూసేసి, 2014లో అమ్మేసి ముంబయిలోనే కోశారు. విరాట్‌ను గుజరాత్‌లోని అలంగ్‌లో కోశారు. అలంగ్‌లో గ్యాస్ కట్టర్ పట్టే కూలీల్లో మన గంజాం జిల్లా వాళ్లు చాలామంది. యుద్ధనౌక రిటైర్మెంట్ అంటే చివరికి ఆ రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పొడిలో నిలబడే మనిషి ఊపిరితిత్తుల ప్రశ్న కూడా. పాత ఓడ ఖర్చు లెక్కల్లో ఆ మనిషికి మంచి మాస్కు, వైద్యం ఖర్చు కలపాలని నేను గట్టిగా కోరుకుంటాను.

విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మాత్రం ఇంకా ఉంది. 91 మీటర్లే కాబట్టి ఒడ్డుకు లాగి, దిమ్మెల మీద నిలబెట్టగలిగారు. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన ఆ జలాంతర్గామి అడుగుభాగాన్ని ఎవరైనా నడిచి వెళ్లి చూడొచ్చు, గీరొచ్చు, రంగు వేయొచ్చు. పర్లాకిమిడి కుర్రాడా, విశాఖ వెళ్లినప్పుడు అడుగు నుంచి పై గోపురం దాకా దాని ఎత్తును కళ్లతో కొలిచి, బ్యాటరీల బరువంతా ఎక్కడ పెట్టి ఉంటారో ఊహించి నాకు రాయి.