పేలే, పగిలే, ఎగజిమ్మే ఇంగ్లిష్ మాటలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్లు దాటింది. టెన్సుల తర్వాత నేను ఎర్ర సిరాతో ఎక్కువగా దిద్దేది పగలడం, పేలడం, తెగడం, చిమ్మడం మీద రాసిన వాక్యాలనే. తప్పు పిల్లలది కాదు. బరస్ట్ అంటే పేలు, ఎక్స్‌ప్లోడ్ అంటే పేలు, ఎరప్ట్ అంటే పేలు అని వాళ్లచేత బట్టీ పట్టించింది మనమే.

అపోహ: ఇవన్నీ ఒకటే, ఏది వాడినా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. పోయిన వారం వానల మీద పేరా రాయమంటే, చీమకుర్తి నుంచి వచ్చే ఒక అబ్బాయి చెరువు కట్ట తెగిందనడానికి ‘ద ట్యాంక్ బండ్ ఎక్స్‌ప్లోడెడ్’ అని రాశాడు. వాళ్ల నాన్న క్వారీలో పని చేస్తాడు. ‘మీ క్వారీలో రాయి ఎట్లా తీస్తారు?’ అని అడిగితే, ‘గెలాక్సీ గ్రానైట్ రాయికి పేలుడు మందు గట్టిగా పెట్టకూడదు సార్, లోపల పగుళ్లొస్తే బ్లాకు పనికిరాదు, అందుకే వజ్రపు పూసల వైరుతో కోస్తారు’ అన్నాడు. అప్పుడు వాడి మాటల్లోంచే పాఠం చెప్పాను. రాయి విడిపోకుండా గీత మాత్రం పడితే క్రాక్, తునాతునకలైతే షాటర్, మందు పెట్టి పగలగొడితే బ్లాస్ట్. చెరువు కట్టకు జరిగింది ఇందులో ఏదీ కాదు, గండి పడింది. గండికి ఇంగ్లిష్‌లో ఉన్న మాట బ్రీచ్. అదే నది పొంగి గట్లు దాటితే ‘ద రివర్ బరస్ట్ ఇట్స్ బ్యాంక్స్’ అంటారు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి పోయింది చూశారా, దానికి వాష్డ్ అవే.

నేను పెట్టుకున్న లెక్క ఇది. లోపల నిండి నిండి, పై తొడుగు ఇక ఆపలేక చీలితే బరస్ట్: బెలూను, టైరు, నీళ్ల పైపు, కురుపు. మంటో శబ్దమో వచ్చి ముక్కలు నలుదిక్కులా ఎగిరితే ఎక్స్‌ప్లోడ్. లాగినప్పుడో వంచినప్పుడో సన్నని వస్తువు పుటుక్కున తెగినా విరిగినా స్నాప్. ఇది చెప్పేటప్పుడు సుద్దముక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి విరిచి చూపిస్తాను, ఆ శబ్దం చివరి బెంచీ దాకా వినపడుతుంది, మళ్లీ అర్థం చెప్పాల్సిన పని ఉండదు.

అపోహ: ఎరప్ట్ అంటే అగ్నిపర్వతం పేలడమే.

వాస్తవం: పసిపిల్లలకు పన్ను రావడాన్ని డాక్టర్లు టూత్ ఎరప్షన్ అంటారు. అక్కడ పేలుడు ఎక్కడుంది? లోపలున్నది పైకి తన్నుకురావడమే దాని అసలు అర్థం. ఒంటిమీద దద్దుర్లు లేచినా, సభలో గొడవ లేచినా ఎరప్టే. లాటిన్‌లో రుంపెరె అంటే పగలగొట్టడం. రప్చర్, ఇంటరప్ట్, కరప్ట్, బ్యాంక్‌రప్ట్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇంటరప్ట్ అంటే మాట మధ్యలో తెంచడం అని ఒక్కసారి చెబితే పిల్లలు మళ్లీ మర్చిపోరు.

అపోహ: సిలిండర్ బ్లాస్టెడ్.

వాస్తవం: మనం తెలుగులో ‘బ్లాస్ట్ అయింది’ అంటాం, అందులో తప్పేమీ లేదు. దాన్ని అట్లాగే ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లినప్పుడే చిక్కు. ‘ద సిలిండర్ ఎక్స్‌ప్లోడెడ్’ అనాలి, లేదా ‘దేర్ వజ్ ఎ బ్లాస్ట్’ అనాలి. ఇంటర్వ్యూలో, రిపోర్టులో ఇది వెంటనే పట్టుబడుతుంది.

బరస్టెడ్ కూడా అంతే. నిన్న పగిలినా బరస్టే, ఇవాళ పగిలినా బరస్టే. కట్, పుట్, హర్ట్ మారనట్టే ఇదీ మారదు.

అపోహ: క్లౌడ్‌బరస్ట్ అంటే మేఘం పేలిపోవడం.

వాస్తవం: టీవీల్లో మేఘ విస్ఫోటం అని వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. పేలేది ఏదీ లేదు. 20-30 చదరపు కిలోమీటర్ల చోట గంటలో 100 మిల్లీమీటర్లు, అంతకుమించి వాన కురిస్తే మన వాతావరణ శాఖ దాన్ని క్లౌడ్‌బరస్ట్ అంటుంది. కుండ వంపినట్టు కురిసే వానకు కుంభవృష్టి అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది, అది చూసినట్టే ఉంటుంది కూడా.

అపోహ: ఇన్ని తేడాలు తెలుగులో లేవు, అందుకే మనకు ఇంగ్లిష్ రాదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపమే వస్తుంది. కుండ పగులుతుంది, కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది, చొక్కా చిరుగుతుంది, కుట్టు పిగులుతుంది, పెదవి చిట్లుతుంది. వీటిలో మొదటి మూడింటికీ ఇంగ్లిష్‌వాడు బ్రేక్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు. ఏ వస్తువు అన్నది మనం క్రియలోనే చెప్పేస్తాం. ఎట్లా అన్నదానికి భళ్లున, ఫెళ్లున, పుటుక్కున మనకున్నాయి, వాళ్లేమో దాన్ని షాటర్, క్రాక్, స్నాప్ అని క్రియలోకే ఎక్కించుకున్నారు. కాబట్టి నా దగ్గరికొచ్చే పిల్లల్ని ముందు తెలుగులో చప్పుడు చేయమంటాను, ఆ తర్వాతే ఇంగ్లిష్ మాట వెతకమంటాను. ‘భోరుమంది’ అని వాళ్ల నోట వచ్చిందంటే ‘బరస్ట్ ఇంటు టియర్స్’ దొరికినట్టే. ఇంటు తర్వాత నామవాచకం రావాలి, అవుట్ అయితే ‘బరస్ట్ అవుట్ క్రైయింగ్’. రెండూ కలిపి ‘బరస్ట్ అవుట్ ఇంటు క్రైయింగ్’ అని రాయకండి.

నీళ్ల మాటలకు కనిగిరి, పొదిలి వైపు పిల్లలకు నేను చెప్పేది తక్కువ, వాళ్లు చూసింది ఎక్కువ. బోరు బండి రాత్రంతా దుమ్ము కొడుతూనే ఉంటుంది, ఇంట్లో అందరూ టెన్షన్‌తో నిద్రపోకుండా అక్కడే నిలబడి ఉంటారు, తెల్లవారేవేళకు దుమ్ము తడిబారి, బురదై, నీళ్లు ఆగి ఆగి చిమ్ముతాయి. అది స్పర్ట్. కాసేపటికి ఆగకుండా ధారగా పొంగుకొస్తాయి. అది గష్. ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగితే పోయినేడు ఒక అమ్మాయి ఇట్లా చెప్పింది: ‘స్పర్ట్ అప్పుడు మా అమ్మ దణ్ణం పెట్టుకుంది సార్, గష్ అప్పుడు ఏడ్చింది.’